బావమరిది మీద నూట పన్నెండు మాటలు

ఎదుటివాణ్ణి వెధవ అనడానికి ఇంగ్లీషువాడు పడ్డ పాట్లు తలుచుకుంటే నాకు జాలేస్తుంది. మనకి ఆ పని ఒక్క చూపుతో అయిపోతుంది. అతనికి అలా కాదు. చెయ్యి కుదురుగా లేనివాడు క్లమ్జీ. ఒళ్ళు పెరిగి బుర్ర పెరగనివాడు ఓఫ్. బుర్ర పెరక్కపోయినా నోరు పెరిగినవాడు లౌట్. నలుగురిలో ఎక్కడ నిలబడాలో తెలియనివాడు గోష్, తెలిసీ మన కాలి మీద నిలబడేవాడు బూర్. లోపల గుజ్జు లేనివాడు డోల్ట్; ఈ మాట మన డొల్లకి దూరపు చుట్టమని నా గట్టి నమ్మకం, రుజువులు అడక్కండి. ఇక నిన్‌కంపూప్ అని ఒకటుంది. ఎవర్నయినా ఆ మాటతో తిడదామని మొదలుపెడితే సగంలో మన నాలుక మెలిపడి, అసలు నిన్‌కంపూప్ ఎవరో చూసేవాళ్ళకి తెలిసిపోతుంది.

ఈ సరుకంతా తూచి, ఒక్కోదానికి తెలుగులో అర్థం చెప్పి, పక్కన ఒక ఉదాహరణ వాక్యం రాయడం నా ఉద్యోగం. మాది నిఘంటువుల కార్యాలయం. మూడంతస్తులు, నలభై బీరువాలు, బీరువాల నిండా అరచేతంత చీటీలు. ఇప్పుడు వేస్తున్న పుస్తకంలో మాటలు అక్షరక్రమంలో ఉండవు, సంగతిని బట్టి ఉంటాయి. వంటింటి మాటలు ఒక భాగం, వాతావరణం ఒక భాగం, జబ్బులు ఒక భాగం. నా వంతుకి వచ్చింది పదిహేడో భాగం: తెలివితక్కువ, మొరటు, మర్యాద తప్పిన నడవడి. మొత్తం నూట పన్నెండు మాటలు.

"నీకే ఎందుకిచ్చారంటావ్?" అన్నారు తోటివాళ్ళు.

"మీకిస్తే స్వానుభవం రాస్తారని భయపడి ఉంటారు" అన్నాను. నేను ఒకమాట అంటే మూడంతస్తులకీ వినబడుతుంది. నేను తుమ్మితే కింది అంతస్తులో టైపు చేసేవాళ్ళు ఒక అక్షరం ఎక్కువ కొడతారని ప్రతీతి.

మా ప్రధాన సంపాదకురాలికి మేం చాటుగా పెట్టుకున్న పేరు పూర్ణవిరామం. ఆవిడ మాట్లాడాక ఇంకెవరూ మాట్లాడరు. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. ఉదాహరణ వాక్యం కల్పించకూడదు. కళ్ళారా చూసిందే రాయాలి. చీటీ వెనకవైపు ఎక్కడ చూశామో రాసి, 'నేను చూశాను' అని సంతకం పెట్టాలి. "కల్పించిన వాక్యం ప్లాస్టిక్ పువ్వు వాసన వేస్తుంది" అంటుంది ఆవిడ. ప్లాస్టిక్ పువ్వుకి వాసన ఉండదు కదా మేడమ్ అని ఒకసారి అన్నాను. "అదే చెబుతున్నా" అంది. పూర్ణవిరామం.

నూట పన్నెండు రకాల తెలివితక్కువ పనులు కళ్ళారా చూడాలంటే మామూలు మనిషికి ఏళ్ళు పడుతుంది. నాకు మూడు వారాలు పట్టింది. ఎందుకంటే మా ఇంటి ముందుగదిలో మంచం వేసుకుని మా బావమరిది ఉంటాడు.

ముప్పై ఆరేళ్ళవాడు, నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. కానీ చెయ్యి పెట్టినదేదీ చెప్పిన మాట వినదు. గొళ్ళెం తీస్తే గొళ్ళెం చేతికి వస్తుంది. గొడుగు తెరిస్తే గొడుగు వెనక్కి తిరిగి వాడినే చూస్తుంది. ఆరేళ్ళ కిందట ఇల్లు మారేటప్పుడు మా ఆవిడ నిలువుటద్దం మెట్ల మీద పడి ముక్కలైంది. వాళ్ళమ్మ ఇచ్చిన అద్దం. ఆ సాయంత్రమే నేను వాడికి 'జారుడుబల్ల' అని పేరు పెట్టాను. అన్నీ జారినా వాడి దగ్గర్నుంచి ఆ పేరొక్కటీ జారలేదు. వాడు అయిదు ఉద్యోగాలు చేస్తే అయిదు చోట్లకీ వాడికన్నా ముందు ఆ పేరే వెళ్ళి కూర్చుంది. మోసుకెళ్ళింది ఎవరంటే, నేనే. నవ్వొచ్చే మాట కడుపులో దాచుకుంటే నాకు అరగదు. మా ఆవిడ కూడా ఆ అద్దం తర్వాత వాడికి గాజు కప్పులో టీ ఇవ్వడం మానేసింది. అందరికీ గాజు కప్పులు, వాడికి స్టీలు గ్లాసు.

కాబట్టి పదిహేడో భాగం రాయడానికి నేను గుమ్మం దాటలేదు. కుర్చీలో కూర్చుని ముందుగది వైపు చూస్తూ, పాతవి గుర్తు చేసుకుంటూ రాసుకుంటూ పోయాను. నూట పన్నెండు చీటీల వెనకా ఒకటే రాత: 'మా ఇంట్లో. నేను చూశాను.' పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు. అంత మర్యాద నాకూ ఉంది.

ఆరో ఉద్యోగం మా కార్యాలయంలోనే. మా ఆవిడ పోరు పడలేక నేనే చెప్పి పెట్టించాను. ప్రూఫులు దిద్దే పని, మూడు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటారు. నచ్చితే ఉండటానికి కార్యాలయం వెనక వీధిలో వాడొక గది కూడా చూసుకున్నాడు. పెద్ద కిటికీ ఉందిట. ఆ కిటికీ గురించి ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు. అంతకుముందు వాడు ఏ సంగతీ రెండుసార్లు చెప్పగా నేను వినలేదు.

మూడు నెలలూ నిండిన రోజు పొద్దున్న మా ఆవిడ గుమ్మం దగ్గర నన్ను ఆపింది.

"ఏమండీ, వాడికి ఇవాళ పరీక్షట. మీ నోటికి కాస్త సెలవివ్వండి."

"నా నోరు రోజుకూలీ అనుకోవోయ్. సెలవులుండవు."

"వేళాకోళం కాదు. ఇది కూడా పోతే వాడు ఇంకెక్కడికీ వెళ్ళడు. నాతో అన్నాడు రాత్రి. ఇంక చాలక్కా, ఇదే చివరిది అన్నాడు."

బావమరిది మంచం మీద కూర్చుని స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగుతున్నాడు. "వెళ్దామా బావా?" అని లేచాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో ఒకటికి రెండుసార్లు చూసి, బల్ల మధ్యలో పెట్టాడు.

పదింటికల్లా పూర్ణవిరామం నన్ను పిలిచింది.

ప్రూఫు దిద్దడంలో మాకో పద్ధతి ఉంది. ఒకరు చీటీలోది పైకి చదువుతారు, చివరి పూర్ణవిరామంతో సహా. రెండోవారు అచ్చయిన కాగితం మీద కళ్ళు పెట్టి వింటారు. తేడా ఉన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుడతారు. ఈ పనికి ఒక ప్రత్యేకమైన గది. గోడలకి దూదిపరుపులు కొట్టి ఉంటాయి, కిటికీ లేదు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దీపం, ఒక కూజా. దాన్ని చెవిగది అంటాం. అందులో తలుపు మూశాక భాగం పూర్తయ్యేదాకా తీయకూడదు. తీస్తే మళ్ళీ మొదటి మాట నుంచి చదవాలి. ఒకసారి ఎవరో మధ్యలో టీకి లేచొచ్చి, రెండు పంక్తులు దాటేస్తే, గాడిదకి 'నాలుగు తలుపులున్న వాహనం' అని అచ్చయింది. అప్పట్నుంచీ ఆ నియమం.

ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో చదివే పెద్దాయన పేరు మాకు గొంతుగారు. ఆ రోజు గొంతుగారికి గొంతు పోయింది. మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతులతో ఏదో చెప్పబోతున్నాడు.

"మీరు చదవాలి" అంది పూర్ణవిరామం నాతో. "మీ బావమరిదిగారు చూస్తారు. ప్రూఫులో పదకొండు తప్పులు నేనే కావాలని పెట్టించాను. పదకొండూ పట్టాలి. లేని తప్పు పట్టకూడదు. రెండు వరకు పొరపాటనుకుంటా. మూడోది ఉంటే ఆయన రేపు రానక్కర్లేదు."

"దానికేం మేడమ్, ఏ భాగం?"

"పదిహేడు."

"నేను రాసింది నేనే చదవడం... వేరెవరైనా అయితే..."

"మీ చేతిరాత మీకు తప్ప ఎవరికీ తెలియదు. తొందరగా కానివ్వండి."

బావమరిది అప్పటికే లోపల కూర్చున్నాడు. ఎర్ర పెన్ను మూత తీసి, మూత జేబులో వేసుకుని, కాగితం అంచు బల్ల అంచుకి సరిచేసుకుంటున్నాడు. నా వెనక తలుపు మెత్తగా మూసుకుంది. పరుపుల గోడల మధ్య నా ఊపిరి నాకే గట్టిగా వినిపించింది. నా గొంతు మూడంతస్తులకి వినిపించని చోటు ఆ భవనంలో అదొక్కటే.

మొదటి మాట క్లమ్జీ. చీటీలో ఇలా ఉంది: 'స్నానాలగది గొళ్ళెం తీయబోయి తలుపునే ఊడదీశాడు.'

నేను చదివాను: "బీరువా తాళం తీయబోయి తలుపునే ఊడదీశాడు, పూర్ణవిరామం."

"ఆగండి బావా. ఇక్కడ 'స్నానాలగది గొళ్ళెం' అనుంది."

"అలాగా?"

"మీ చీటీలో బీరువాయేనా?"

"ఆఁ" అన్నాను. ఇంకేమనను? వాడు ఎర్ర సున్నా చుట్టి, పక్కన బీరువా తాళం అని చక్కగా రాశాడు. చెయ్యి ఏమాత్రం వణకలేదు.

రెండో మాట గోష్. 'గుమ్మంలో పక్కింటావిడకి నమస్కారం పెట్టబోయి, చేతిలోని చెత్తబుట్ట ఆవిడ కాళ్ళ మీద కుమ్మరించాడు.' నేను చెత్తని పూలు చేశాను. మనిషిని కాస్త ఎత్తుదామని. వాడు మళ్ళీ ఆపాడు. మళ్ళీ సున్నా.

అప్పుడు వెలిగింది నాకు. ఆ రెండూ లేని తప్పులు. వాడు పట్టినవి కావు, నేను పట్టించినవి. ఇంకొక్క సున్నా పడిందంటే ఆరో ఉద్యోగం పోతుంది, కిటికీ పోతుంది. ఎర్ర సిరా పెట్టాక కొట్టేయడానికి వీల్లేదు. చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివితే, నూట పది వాక్యాలు నా సొంత గొంతుతో వాడి మొహం మీద చదవాలి. లేచి తలుపు తీస్తే మొదట్నుంచి మళ్ళీ నూట పన్నెండు. జీవితంలో మొదటిసారి నేను నా మాటల్లోనే ఇరుక్కున్నాను. ఇరుక్కోవడానికి అంత మెత్తటి గోడలు ఎక్కడా దొరకవు.

ఉన్నది చదివాను. "ఓఫ్. మొద్దు మనిషి. కుర్చీలో కూర్చోబోయి, మా అత్తగారి కళ్ళజోడు మీద కూర్చున్నాడు, పూర్ణవిరామం."

వాడు కిసుక్కున నవ్వాడు. "అచ్చం మా అమ్మ కళ్ళ..." అని ఆగిపోయాడు. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. చెవులు మాత్రం మెల్లగా ఎర్రబడ్డాయి.

"తర్వాత?" అన్నాడు.

చదివాను. లౌట్. బఫూన్. పని చెడగొట్టే బంగ్లర్. గుమ్మంలో జారిన గుడ్డసంచి. కొత్తగా రంగేసిన గోడకి ఆనుకున్న వీపు. మంచినీళ్ళనుకుని తాగిన పూలకూజా నీళ్ళు. రాసేటప్పుడు ఒక్కోదానికి ఎంత నవ్వుకున్నానో! ఇప్పుడు అదే వాక్యం నోట్లోంచి బయటికి రావడానికి గడప దాటలేని పిల్లిలా మారాం చేస్తోంది. మధ్యమధ్య వాడు ఆపుతున్నాడు. "ఇక్కడ ఒత్తు లేదు బావా." "ఇక్కడ 'అతడు' రెండుసార్లు పడింది." అన్నీ నిజం తప్పులే. ఏది పట్టుకున్నా జార్చే ఆ చేతుల్లో పెన్ను మేకులా నిలబడింది. వాడి కంటి నుంచి ఒక్క అక్షరం జారలేదు.

ఇరవయ్యో మాట దగ్గర అడిగాడు. "ఎన్ని ఉన్నాయి బావా మొత్తం?"

"నూట పన్నెండు."

"నూట పన్నెండూ...?"

నేను కూజాలోంచి నీళ్ళు తాగాను.

"చదవండి" అన్నాడు.

యాభై మూడో మాట బూర్. "మర్యాద తెలియని మొరటువాడు. పిలవకముందే భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అందరూ వచ్చేలోగా సగం గిన్నె ఖాళీ చేశాడు, పూర్ణవిరామం."

పెన్ను ఆగింది. తప్పు దొరికిందేమో అనుకున్నాను.

"గాజుసామాన్ల కొట్లో మానిపించిన రోజు అది" అన్నాడు. "ముందురోజు నుంచి ఏం తినలేదు. ఎలా చెప్పాలో తెలియక అటూ ఇటూ తిరిగా." పెన్ను మళ్ళీ కాగితానికి ఆనించి, "'కూర్చుని' తర్వాత కామా ఉందా బావా మీ దాంట్లో?"

"ఉంది."

"ఇక్కడ లేదు." సున్నా చుట్టాడు. అది ఏడో నిజం తప్పు.

తర్వాత నేనెలా చదివానో నాకు తెలియదు. గొంతు తగ్గించి చదివాను. "కొంచెం గట్టిగా బావా, వినబడటంలేదు" అన్నాడు. నాతో ఆ మాట అన్న మొదటి మనిషి వాడు. చెమటకి చీటీలు వేళ్ళకి అంటుకుంటున్నాయి. నూట మూడు అయ్యాయి. పదకొండు తప్పులూ దొరికేశాయి. ఇంకో తొమ్మిది చదివితే తలుపు తీయొచ్చు.

నూట నాలుగోది బటర్‌ఫింగర్స్. పేరుకి వెన్నవేళ్ళు, పనికి చేతిలో ఏదీ నిలవనివాడు. "ఇల్లు మారేరోజు మా ఆవిడ నిలువుటద్దాన్ని మెట్ల మీద జార్చి, ముక్కలు చేశాడు, పూర్ణవిరామం."

ఎర్ర పెన్ను కాగితం మీద తిరిగిన చప్పుడు వినబడింది. సున్నా చుట్టాడు. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.

"ఏంట్రా అది? అచ్చుతప్పా?"

"అచ్చు బాగానే ఉంది."

"మరి?"

"వాక్యం తప్పు."

"ఒరేయ్, నీకు ఇప్పటికే లేనివి రెండున్నాయి. ఇది మూడోది. ఉద్యోగం పోతుందిరా!"

"తెలుసు. మొదటి రెండూ మీరు మార్చి చదివారని కూడా తెలుసు. నన్ను కాయడానికే మార్చారు, దానికేం." వాడు మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. "మిగతావన్నీ నేనే బావా. గొళ్ళెం నేనే, చెత్తబుట్ట నేనే. కాదనను. ఇది మాత్రం నేను కాదు. పైకొన నేను పట్టుకున్నా. నా కొన నేను వదల్లేదు."

అవును. కిందికొన నాది. నేను వెనక్కి నడుస్తూ దిగుతున్నాను. ఆ ఇంటి యజమాని లావుపాటి మనిషి, పొట్ట ముందు, తను వెనక అన్నట్టు నడిచేవాడు. ఆ నడక బావమరిదికి చూపించాలని సరదా పుట్టింది. నడక చూపించాలంటే రెండు చేతులూ కావాలి. అద్దం పగిలిన చప్పుడికి మా ఆవిడ పరిగెత్తుకొచ్చేసరికి నా నోరు నాకన్నా ముందు మెట్లెక్కింది: "మీ తమ్ముడు జార్చేశాడోయ్!" అంతా నవ్వారు. నవ్విన తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. సాయంత్రానికి ఇంకో నవ్వు కావలసి వచ్చింది, జారుడుబల్ల అన్నాను. ఆరేళ్ళు గడిచేసరికి నేనూ నమ్మాను. చీటీ వెనక 'నేను చూశాను' అని నదురు బెదురు లేకుండా సంతకం పెట్టాను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"ఎవరడిగారు బావా? అందరూ నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళ మధ్య అడ్డం పడితే మర్యాదగా ఉండదేమో అనుకున్నా."

నూట పన్నెండు మాటల్లో మర్యాదకి సంబంధించినవి నలభై దాకా ఉన్నాయి. ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

"తర్వాతది చదవండి" అన్నాడు. మిగిలిన ఎనిమిదీ చదివాను.

తలుపు తీశాం. పూర్ణవిరామం బల్ల దగ్గర నిలబడే కాగితాలు తిరగేసింది. గొంతుగారు కళ్ళు పెద్దవి చేసుకుని పక్కన నిలబడ్డాడు. బావమరిది గోడవారన, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు; ఆవిడ బల్ల మీద పూలకూజా ఉంది, దానికి దూరంగా.

"పదకొండూ ఉన్నాయి" అంది ఆవిడ. "బాగుంది. లేనివి... ఒకటి. రెండు." కాగితాలు తిరిగాయి. "మూడు." కళ్ళజోడు సర్దుకుంది. "ఇది అచ్చుతప్పు కాదే. ఈ ప్రశ్నార్థకం ఏమిటి?"

"వాక్యం నిజం కాదండి" అన్నాడు వాడు.

ఆవిడ నా దగ్గర చీటీ తీసుకుని వెనక్కి తిప్పింది. నా సంతకం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మీరు చూశారా?"

చూశానంటే వాడి ఉద్యోగం పోతుంది. చూడలేదంటే నాది పోతుంది. దొంగ సంతకం పెట్టినవాడి చీటీ ఆ కార్యాలయంలో ఇంక చెల్లదు. ఇంత గొంతేసుకుని తిరిగినవాడికి గొంతుగారి కన్నా అన్యాయంగా గొంతు పోయింది. నవ్వొచ్చే మాట ఒకటి వెతుక్కున్నాను, అలవాటు కదా. ఏదీ దొరకలేదు.

"చూడలేదు మేడమ్" అన్నాను. "చేశాను. అద్దం వదిలింది నేనే."

"మొదటి రెండూ?"

"అవీ నావే. మార్చి చదివాను."

"ఎందుకు?"

"చదవడానికి మొహం చెల్లక."

ఆవిడ మూడు సున్నాల పక్కనా చిన్నగా తన సంతకం పెట్టింది. బావమరిది వైపు తిరిగి, "మీరు రేపు రండి. ఎల్లుండీ రండి" అంది. తర్వాత నా నూట పన్నెండు చీటీలూ దొంతిగా పేర్చి రబ్బరు బ్యాండు వేసింది. "ఒక సంతకం అబద్ధమైతే మిగతా నూట పదకొండుకీ నేను పూచీ ఉండలేను. చీటీలు ఇంక మీరు రాయరు. గొంతుగారు ఈ నెలతో మానేస్తున్నారు. మీకు మంచి గొంతు ఉంది. రేపట్నుంచి చెవిగదిలో కూర్చోండి."

"మరి పదిహేడో భాగం ఎవరు రాస్తారు మేడమ్?"

"కళ్ళున్నవాళ్ళు రాస్తారు" అని ఆవిడ బావమరిదికి ఖాళీ చీటీల కట్ట ఇచ్చింది. పూర్ణవిరామం.

సాయంత్రం ఇంటికొచ్చి అద్దం సంగతి మా ఆవిడకి నేనే చెప్పాను, వాడికి ఆ అవకాశం ఇవ్వకుండా. నిలబడి చెప్పాను, చేతులు ఆడించకుండా చెప్పాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి టీ తెచ్చింది. తమ్ముడికి గాజు కప్పు ఇచ్చింది. నా ముందు స్టీలు గ్లాసు పెట్టింది.

బావమరిది కప్పుని రెండు చేతులతో అందుకుని, తాగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ వారంలోనే కిటికీ ఉన్న గదికి మారాడు. వాడి ట్రంకుపెట్టె మెట్ల మీంచి దింపడానికి వెళ్ళాను. కిందికొన పట్టుకోబోతుంటే, "బావా, మీరు పైకొన తీసుకోండి. మాట్లాడకుండా దిగుదాం" అన్నాడు. దిగాం. కింద పెట్టేదాకా నేను నోరు విప్పలేదు. మెట్లు పద్నాలుగు.

రెండు నెలలకి పదిహేడో భాగం మళ్ళీ అచ్చయి ప్రూఫు వచ్చింది. చెవిగది తలుపు మూసుకుంది. దీపం, కూజా, ఎర్ర పెన్ను. నా చేతిలో వాడి గుండ్రటి రాతలో నూట పన్నెండు చీటీలు.

మొదటి చీటీ తీశాను. క్లమ్జీ. ఎవరో మంగలి, తన అంగీకే కత్తెర పెట్టుకున్నాడు. గోష్. బస్సులో అందరి టికెట్లూ కింద పోసిన కండక్టరు. ఓఫ్. వాడి కొత్త ఇంటి పక్కవాటా ఆయన. ఇరవై అయ్యాయి, యాభై అయ్యాయి. ఎక్కడా నేను లేను. లేననుకుంటే ఊపిరి ఆడాలి కదా, ఆడటం లేదు. ఒక్కో చీటీ తీసేముందు నేనున్నది ఇదే అనుకుంటాను. కాదని తెలిశాక తర్వాతది అనుకుంటాను. లౌట్ మాటకి నా గొంతు పనికొచ్చేది. బఫూన్ నాకోసమే పుట్టిన మాట. రెండూ వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. బూర్ దగ్గర కళ్ళు మూసుకుని తీశాను. అక్కడ బ్యాంకులో వరస తప్పిన ఒక పెద్దమనిషి ఉన్నాడు.

నూట మూడు. నీళ్ళు తాగాను. కూజా ఖాళీ అయింది.

"తలుపు తీద్దామా బావా?" అన్నాడు వాడు. "తీస్తే మళ్ళీ మొదట్నుంచి."

"వద్దు" అన్నాను.

నూట నాలుగో చీటీ తీశాను. మార్చి చదవడానికి లేదు, వాడి కళ్ళు కాగితం మీద ఉన్నాయి.

"బటర్‌ఫింగర్స్. మెట్ల మీద అద్దం మోస్తూ, నవ్వించడానికి చేతులు వదిలేశాడు, పూర్ణవిరామం."

చీటీ వెనక్కి తిప్పాను. 'పాత ఇంటి మెట్లు. నేను చూశాను.'

"కామా 'మోస్తూ' తర్వాతేనా?"

"ఆఁ. మోస్తూ తర్వాతే."

వాడు తలెత్తలేదు. ఆ పంక్తి పక్కన ఎర్ర సిరా ఏదీ పెట్టలేదు. పెన్ను మొన తర్వాతి పంక్తి మీదికి జరిపి, అక్కడ ఆపి పట్టుకున్నాడు.

"ఇంకా ఎనిమిది" అన్నాడు. "గట్టిగా చదవండి."